నార్వే ప్రయాణం ప్లాన్ చేసుకోవడం ఎలా: మ్యాప్ తెరిచిన రోజు నుంచి విమానం ఎక్కే రోజు దాకా

నార్వే వెళ్దామని అనుకోగానే అందరం చేసే మొదటి పని మ్యాప్ తెరవడం. మొదటి పొరపాటు కూడా అక్కడే జరుగుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపితే వచ్చే వైశాల్యం కన్నా కొంచెం పెద్ద దేశం, జనాభా మాత్రం 56 లక్షల దాకా, అంటే ఒక్క హైదరాబాద్ కన్నా తక్కువ. అది చూసి "చిన్న దేశమే కదా, తొమ్మిది రోజుల్లో మొత్తం చుట్టేయొచ్చు" అనిపిస్తుంది. కానీ దేశం నిలువుగా సాగి ఉంటుంది. రాజధాని ఓస్లో నుంచి ఉత్తరాన ఉన్న ట్రోమ్సోకు రోడ్డు మీద వెళ్తే 1,600 కిలోమీటర్ల పైనే, హైదరాబాద్ నుంచి ఢిల్లీ కన్నా ఎక్కువ. పడమటి తీరంలో అయితే కిలోమీటర్ల లెక్కే పనికిరాదు, ఎందుకంటే సముద్రం కొండల మధ్యలోకి కొన్నిచోట్ల వంద కిలోమీటర్లకు పైగా చొచ్చుకొచ్చి ఉంటుంది (వాటినే ఫియోర్డులు అంటారు), రోడ్డేమో ఒక చోట పడవెక్కి, ఇంకో చోట సొరంగంలో దూరి, మళ్లీ కొండెక్కి దిగి వెళ్తుంది. బెర్గెన్ నుంచి ఓలెసుండ్ వెళ్లాలంటే దూరం 400 కిలోమీటర్ల లోపే, కానీ ఒక పగలంతా దానికే పోతుంది.

నేను మొదటిసారి అమ్మానాన్నలతో వెళ్లినప్పుడు తొమ్మిది రోజులకు ఏడు ఊళ్లు పెట్టాను. ఐదో రోజు పొద్దున్న టిఫిన్ తింటూ అమ్మ "ఇవాళ ఏ ఊళ్లో ఉన్నాం రా?" అని అడిగింది. ఆవిడ నిజంగానే అడిగింది, నాకు చాలా బాధేసింది. అన్ని లక్షలు ఖర్చుపెట్టి వాళ్లకు నేను చూపించింది ఎక్కువగా బస్సు కిటికీ, సూట్‌కేసు చక్రాలు. అందుకే ఈ మార్గదర్శిలో నేను మళ్లీ మళ్లీ చెప్పేది ఒక్కటే: ఊళ్లు తగ్గించండి, రాత్రులు పెంచండి. ఖర్చు తగ్గేదీ అలాగే, చూసినది మనసులో నిలిచేదీ అలాగే.

మొదటి అడుగు: ఏ నెలలో వెళ్లాలి

మనకు సెలవులు దొరికేవి మూడుసార్లు: ఎండాకాలం, దసరా, సంక్రాంతి. ఈ మూడు సమయాల్లో నార్వే మూడు వేరువేరు దేశాల్లా ఉంటుంది.

పిల్లల బడి సెలవులతో కుదుర్చుకోవాలంటే మే చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా చాలా మంచి సమయం, దీన్ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. కొండల మీద మంచు కరిగేది అప్పుడే కాబట్టి జలపాతాలన్నీ నిండుగా దూకుతుంటాయి. హార్డాంగెర్ ప్రాంతంలో ఆపిల్ తోటలు మే రెండో సగంలో పూత మీద ఉంటాయి. ఓస్లోలో రాత్రి పదిన్నరైనా వెలుతురు ఉంటుంది. ట్రోమ్సోలో సుమారు మే 20 నుంచి జులై 22 దాకా సూర్యుడు అసలు అస్తమించడు. నార్వే వాళ్ల సొంత సెలవులు జులైలో కాబట్టి ఆ నెలతో పోలిస్తే రద్దీ కూడా తక్కువ. లోటు ఒకటుంది: ఎత్తైన కొండ రోడ్లు కొన్ని అప్పటికి ఇంకా మంచుతో మూసే ఉంటాయి. పదకొండు మలుపుల ట్రోల్‌స్టిగెన్ రోడ్డు కోసమే వెళ్తున్నవాళ్లు అది తెరిచారో లేదో చూసుకున్నాకే ఆ వైపు గది తీసుకోండి. మే 17 వాళ్ల జాతీయ దినం, 1814లో రాజ్యాంగం రాసుకున్న రోజు. పిల్లలు బ్యాండ్లతో ఊరేగుతారు, పెద్దలు సంప్రదాయ దుస్తుల్లో వీధుల్లోకి వస్తారు, చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కాకపోతే ఆరోజు దుకాణాలు మూసేస్తారు, ముందురోజే సరుకులు తెచ్చిపెట్టుకోవాలి.

దసరా సమయానికి ఆకులు పసుపూ ఎరుపూ తిరుగుతాయి, ఉత్తరాన ధ్రువకాంతులు (రాత్రి ఆకాశంలో కదిలే రంగు వెలుగులు) మొదలవుతాయి, చలి ఇంకా ముదరదు. పడవలు, కొన్ని బస్సులు శీతాకాలపు టైమ్‌టేబుల్‌కు మారుతుంటాయి, అది ఒక్కటే చూసుకోవాలి.

సంక్రాంతి గురించి ఒక ముచ్చట చెప్పాలి. ట్రోమ్సోలో నవంబర్ 27 నుంచి జనవరి 15 దాకా సూర్యుడు దిగంతం మీదికి రాడు. మనం ఇక్కడ ఉత్తరాయణం అని ముగ్గులు పెట్టే రోజుల్లోనే అక్కడ సూర్యుడు తిరిగొస్తాడు. చుట్టూ కొండలు అడ్డం కాబట్టి ఊళ్లోవాళ్లకు కనిపించేది జనవరి 21 ప్రాంతంలో, ఆరోజును వాళ్లు సూర్యుడి రోజుగా జరుపుకుంటారు, లోపల జామ్ పెట్టి నూనెలో వేయించిన గుండ్రటి బన్నులు తింటారు. నేను రెండోసారి జనవరిలో వెళ్లాను. మధ్యాహ్నం పన్నెండింటికి ఆకాశమంతా గులాబీ, నీలం కలిసిన రంగులో రెండు మూడు గంటలు వెలిగి ఆరిపోయేది. చీకటిగా ఉంటుందేమోనని భయపడి ఆ నెలను వదిలేయకండి.

రెండో అడుగు: ఎక్కడెక్కడ, ఎన్ని రాత్రులు

మొదటిసారి వెళ్లేవాళ్లకు పది రాత్రుల ప్రయాణం నేను ఇలా వేస్తాను: ఓస్లోలో రెండు, ఫియోర్డు ఒడ్డున ఉన్న ఫ్లోమ్ లేదా ఆ పక్కనే ఉన్న ఔర్‌లాండ్‌లో రెండు, బెర్గెన్‌లో రెండు, అక్కడినుంచి విమానంలో ఉత్తరానికి వెళ్లి మూడు, తిరుగు విమానం కోసం ఓస్లోలో ఒకటి. వారమే ఉంటే ఉత్తరాన్ని పూర్తిగా వదిలేసి ఫియోర్డుల దగ్గర ఇంకో రాత్రి ఉండండి. రెండూ కావాలని లాగితే రెండూ సరిగ్గా దక్కవు.

ఓస్లోలో విగెలాండ్ శిల్పాల పార్కుకు టికెట్ లేదు, రెండు వందలకు పైగా విగ్రహాలు, అన్నీ ఒకే శిల్పి చేతి పనే. నీళ్ల ఒడ్డునున్న ఒపెరా భవనం పైకప్పు మీద ఎవరైనా నడిచి ఎక్కొచ్చు, సాయంత్రం అక్కడ కూర్చుంటే ఫియోర్డంతా కనిపిస్తుంది. వైకింగ్ ఓడల మ్యూజియం కోసం వెళ్తున్నవాళ్లు గమనించండి: కొత్త భవనం పనుల కోసం దాన్ని 2022లో మూశారు, తెరిచారో లేదో చూసుకున్నాకే ప్లాన్‌లో పెట్టుకోండి. పక్కనే ఉన్న ఫ్రామ్ మ్యూజియంలో ధ్రువాలకు వెళ్లొచ్చిన అసలు ఓడ ఉంది, లోపలికి ఎక్కి తిరగొచ్చు, పిల్లలు దాన్ని వదిలి రారు.

ఈ ప్రయాణానికి ప్రాణం మాత్రం ఓస్లో, బెర్గెన్‌ల మధ్య దారి. నేరుగా రైలెక్కితే సుమారు ఏడు గంటలు. 1909లో పూర్తయిన లైను ఇది, చెట్టన్నదే లేని పీఠభూమి మీదుగా వెళ్తుంది, ఫిన్సె స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తులో ఉంటుంది, జూన్‌లో కూడా పట్టాల పక్కన మంచు కనిపిస్తుంది. నేరుగా బెర్గెన్ వెళ్లిపోకుండా మీర్‌దాల్‌లో దిగండి. అక్కడినుంచి ఫ్లోమ్ దాకా చిన్న కొండ రైలు, 20 కిలోమీటర్లలో 860 మీటర్లకు పైగా కిందికి దిగుతుంది, సుమారు గంట పడుతుంది. మధ్యలో క్యోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర ఆపి అందర్నీ దిగనిస్తారు, తుంపర మొహం మీద పడుతుంది, ఫోను తడవకుండా చూసుకోండి.

ఫ్లోమ్ నుంచి గుద్‌వాంగెన్‌కు పడవలో రెండు గంటలు. ఈ పడవ ప్రయాణమే నార్వే అంటాను నేను. నారోయ్‌ఫియోర్డ్ అనే ఈ పాయ 2005 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. సన్నటి చోట నీళ్ల వెడల్పు 250 మీటర్లే, రెండు పక్కలా వెయ్యి మీటర్లు దాటిన కొండ గోడలు. పడవ బ్యాటరీతో నడిచేదైతే చప్పుడే ఉండదు, జలపాతాల హోరు తప్ప ఏమీ వినిపించదు. మా నాన్న గోదావరి మీద పాపికొండల లాంచీ ప్రయాణాలు చాలా చేసినాయన. రెండు గంటలూ రెయిలింగ్ పట్టుకుని నిలబడే ఉన్నారు, లోపల వెచ్చగా కుర్చీలున్నాయి రండి అన్నా రాలేదు. టోపీ, చేతి తొడుగులు చేతిలో ఉంచుకోండి, డెక్ మీద గాలి జూన్‌లో కూడా గట్టిగా కొడుతుంది. గుద్‌వాంగెన్ నుంచి వోస్‌కు బస్సు, వోస్ నుంచి బెర్గెన్‌కు గంటుంపావు రైలు.

ఈ మొత్తం దారిని ఒకే రోజులో చేయించే రెడీమేడ్ టికెట్ ఒకటి చాలా పేరు మోసింది, మన ట్రావెల్ ఏజెంట్లందరూ అదే అమ్ముతారు. చెడ్డదేమీ కాదు, కానీ ఒక్కరోజులో రైలు, రైలు, పడవ, బస్సు, మళ్లీ రైలు అంటే పెద్దవాళ్లకు చాలా కష్టం. పైగా అందరూ ఒకే సమయానికి దిగి ఒకే సమయానికి ఎక్కుతారు కాబట్టి మధ్యాహ్నం ఫ్లోమ్ సంతలా ఉంటుంది. అదే టికెట్లు విడివిడిగా కొనుక్కుని ఫ్లోమ్‌లో రెండు రాత్రులు ఆగితే ఊరు పూర్తిగా మారిపోతుంది. సాయంత్రం చివరి పడవ వెళ్లాక అక్కడ మిగిలేది మీరు, గొర్రెల మెడలో గంటలు, నీళ్లు, అంతే. రెండో రోజు స్టేగాస్టైన్‌కు బస్సులో వెళ్లిరండి, ఫియోర్డుకు 650 మీటర్ల ఎత్తున కొండ అంచు నుంచి 30 మీటర్లు గాలిలోకి చొచ్చుకొచ్చిన చెక్క వేదిక అది.

బెర్గెన్‌లో వాన గురించి ముందే మనసు సిద్ధం చేసుకోవాలి, ఏడాదిలో రెండు వందల రోజులకు పైగా అక్కడ వాన పడుతుంది. గాలికి గొడుగు నిలవదు, రెయిన్‌కోటే గతి. పాత రేవులోని బ్రిగ్గెన్ చెక్క ఇళ్ల వరస 1979లోనే యునెస్కో జాబితాలో చేరింది, ముందు నుంచి ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా ఇళ్ల మధ్య సందుల్లోకి వెళ్లండి, అసలు అందం లోపలే ఉంది. ఫ్లోయెన్ కొండ మీదికి కేబుల్‌తో లాగే రైలు ఉంది. వాన వెలిసి మబ్బు విడిన అరగంటలో ఎక్కేయాలి, అందుకే దాన్ని ఏదో ఒక గంటకు ముందే కట్టేసుకోకండి.

ఉత్తరానికి వస్తే ఎండాకాలంలో లోఫోటెన్ దీవులు, చలికాలంలో ట్రోమ్సో అని నా అభిప్రాయం. లోఫోటెన్‌లో నీళ్లలో కర్రల మీద నిలబెట్టిన ఎర్రటి జాలరి ఇళ్లుంటాయి, రోర్బు అంటారు, ఇప్పుడు చాలావరకు అద్దెకిస్తున్నారు. కాడ్ చేపల్ని ఉప్పు వేయకుండా చలిగాలికే నెలల తరబడి ఆరబెట్టే దండేలు ఊరూరా కనిపిస్తాయి, మన తీరంలో ఎండుచేపల వాసన తెలిసినవాళ్లకు ఆ ఊళ్లు పరాయిగా అనిపించవు. రైనె ఊరి పైనున్న రైనెబ్రింగెన్ కొండకు రాతి మెట్లు కట్టింది నేపాల్ నుంచి వచ్చిన షేర్పాలు. సగం ఎక్కి ఆయాసపడుతూ ఆ రాళ్లను తడిమి చూస్తే హిమాలయాల వాళ్ల చేతి పనితనం తెలుస్తుంది. లోఫోటెన్‌లో బస్సులు తక్కువ, కారు లేకపోతే సగం చూడలేం.

మూడో అడుగు: వీసా

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ షెంజెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) ఉంది, కాబట్టి కావాల్సింది షెంజెన్ వీసానే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇచ్చి తీరాలి. కానీ ఆ 15 రోజుల మాటను నమ్ముకోకండి, ఏప్రిల్, మే నెలల్లో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. మూడు నెలల ముందు అంటే సేఫ్. నార్వేతో పాటు డెన్మార్కో స్వీడనో కలుపుతుంటే, ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు. నార్వేకైతే ఫారం వాళ్ల ఇమ్మిగ్రేషన్ శాఖ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో నింపి, ఫీజు అక్కడే కట్టి, ఆ తర్వాత కాగితాలు, వేలిముద్రలు వీఎఫ్‌ఎస్ అనే వీసా దరఖాస్తుల కేంద్రంలో ఇవ్వాలి. ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు, వీఎఫ్‌ఎస్ సేవా రుసుము వేరే. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, ఇచ్చి పదేళ్లు దాటకూడదు.

మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. నాన్నగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పాసుపుస్తకంలో ఒక్క అక్షరమే, అమ్మగారి పాస్‌పోర్టులో పుట్టింటి పేరు. పాస్‌పోర్టులో ఎలా ఉందో విమానం టికెట్, ఇన్సూరెన్స్, వీసా ఫారం మూడింటిలోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. మిగతా కాగితాల్లో తేడా ఉంటే ఎందుకుందో కవరింగ్ లెటర్‌లో రెండు వాక్యాల్లో రాయండి. అమ్మానాన్నల ఖర్చు మీరు పెడుతుంటే ఆ మాట స్పష్టంగా చెప్పే లేఖ, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, మీకూ వాళ్లకూ ఉన్న బంధుత్వానికి రుజువు వాళ్ల ఫైల్లో కూడా పెట్టండి, మీ ఫైల్లో ఉన్నాయి కదా అని వదిలేయకండి. హోటళ్లు క్యాన్సిల్ చేసుకోగలిగేవి బుక్ చేయండి. స్వాల్‌బార్డ్ దీవులకు వెళ్లే ఆలోచన ఉంటే అది షెంజెన్ పరిధిలో లేదు, వెళ్లి తిరిగొస్తే రెండోసారి ప్రవేశించినట్టు లెక్క, కాబట్టి ఒకటికి మించి ప్రవేశాలున్న వీసా అడగాలి.

నాలుగో అడుగు: విమానాలు, రైలు టికెట్లు

హైదరాబాద్ నుంచి ఓస్లోకు నేరుగా విమానం లేదు. దుబాయ్, దోహా మీదుగా వెళ్తే ఇమ్మిగ్రేషన్ ఓస్లోలో అవుతుంది, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి యూరప్ ఊళ్ల మీదుగా వెళ్తే అక్కడే అవుతుంది. ఆ క్యూ ఎంతసేపు పడుతుందో చెప్పలేం కాబట్టి రెండు విమానాల మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి. ఒకసారి మా పెద్ద సూట్‌కేసు మధ్యలో మారాల్సిన చోట ఆగిపోయి రెండు రోజుల తర్వాత వచ్చింది, ఉన్ని బట్టలన్నీ అందులోనే ఉన్నాయి. అప్పటినుంచి ప్రతి ఒక్కరి జత ఉన్ని బట్టలు, జాకెట్, మందులు చేతి సంచీలోనే పెడుతున్నాను.

ఓస్లో గార్డెర్మోయెన్ విమానాశ్రయం నుంచి ఊళ్లోకి 50 కిలోమీటర్లు. ఫ్లైటోగెట్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు పేరు మీదే బోర్డులన్నీ ఉంటాయి, కానీ వీ సంస్థ నడిపే మామూలు రైలు నాలుగైదు నిమిషాలు ఎక్కువ తీసుకుని చాలా తక్కువ ధరకు తీసుకెళ్తుంది.

దూరపు రైళ్లకు కొన్ని వారాల ముందు కొంటే డిస్కౌంట్ టికెట్లుంటాయి, ఆఖరి నిమిషం ధరలో సగానికే దొరికిన సందర్భాలున్నాయి. బెర్గెన్ రైలు, ఫ్లోమ్ రైలు, పడవ, ఈ మూడూ వీసా రాగానే అదే రోజు కొనేయండి, జూన్ నుంచి ఆగస్టు దాకా సీట్లు నిండిపోతాయి. మొత్తం దేశంలో ఏ రైలు, బస్సు, పడవ ఎప్పుడుందో చూడాలంటే ఎన్‌టూర్ యాప్, ఓస్లో ఊళ్లో తిరగడానికి రూటర్ యాప్, వాతావరణానికి యర్. ఈ మూడూ ఫోన్లో ఉంటే చాలు.

ఐదో అడుగు: బస, వంట

డబ్బు ఎక్కువగా కరిగేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. అక్కడి డబ్బు క్రోనర్, దాని విలువ అటూ ఇటూగా ఎనిమిది, తొమ్మిది రూపాయలు, వెళ్లేముందు ఆరోజు ధర చూసుకోండి. హోటల్లో ఒక ప్లేటు భోజనం సుమారు 250 నుంచి 350 క్రోనర్లు, కాఫీ 50 దాకా. నలుగురు రెండు పూటలా బయట తింటే ఒక్క రోజులో మన ఊళ్లో నెల సరుకుల డబ్బు అయిపోతుంది. అందుకే వంటగది ఉన్న అపార్ట్‌మెంటో, హీత్తె అని పిలిచే చెక్క ఇల్లో తీసుకోండి. క్యాంపింగ్ స్థలాల్లో ఉండే చిన్న చెక్క ఇళ్లు హోటల్ గది కన్నా చాలా చవక, ఫియోర్డుకు దగ్గరగా కూడా ఉంటాయి. వాటిలో రెండు సంగతులు ముందే చూసుకోవాలి. దుప్పట్లు, తువ్వాళ్లు చాలాచోట్ల అద్దెలో కలవవు, వేరే డబ్బు కట్టాలి లేదా మనమే తెచ్చుకోవాలి. మాకు తెలియక మొదటి రాత్రి శాలువాలు కప్పుకుని పడుకున్నాం. రెండోది, ఖాళీ చేసేటప్పుడు ఊడ్చి, గిన్నెలు తోమి, చెత్త తీసి వెళ్లాలి, లేదా శుభ్రం చేసే రుసుము కట్టాలి.

సామాన్లకు కీవీ, రేమా 1000, కోప్ ఎక్స్‌ట్రా దుకాణాలు చవక. బాస్మతి బియ్యం, ఎర్ర కందిపప్పు, టమాటాలు, బంగాళాదుంపలు, అరటిపండ్లు అన్నీ దొరుకుతాయి. పెరుగుకు పంచదార లేని "నాటురెల్" అని రాసి ఉన్న యోగుర్ట్ తీసుకోండి, తుర్కిష్ యోగుర్ట్ అయితే ఇంకా గట్టిగా ఉంటుంది, పెరుగన్నానికి అదే సరి. ఓస్లోలో గ్రోన్‌లాండ్ పేటకు వెళ్తే మన మసాలాలు, పప్పులు, పచ్చిమిర్చి, కొత్తిమీర అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి. ఫియోర్డులకు బయల్దేరే ముందు అక్కడ కొనుక్కోండి, తర్వాత ఉండవు. ఆదివారం పెద్ద దుకాణాలు మూసి ఉంటాయి, శనివారం సాయంత్రానికే కావాల్సినవి తెచ్చుకోవాలి. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, చాలా బాగుంటాయి, సీసాలు కొనకండి. కొన్నా ఆ ఖాళీ సీసాను దుకాణంలోని యంత్రంలో వేస్తే ముందు కట్టించుకున్న రెండో మూడో క్రోనర్లు తిరిగొస్తాయి.

ఇంటినుంచి కందిపొడి, కరివేపాకు పొడి, పులిహోర పేస్టు, ఆవకాయ తీసుకెళ్లండి, పచ్చడి సీసాలు రెండు కవర్లలో చుట్టి పెద్ద సూట్‌కేసులోనే పెట్టాలి. నెయ్యి మాత్రం వద్దు. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు తీసుకురాకూడదని నార్వే నిబంధన, పాలకోవా కూడా అంతే. నెయ్యి లేని ముద్దపప్పు ఎలా అని అమ్మ అడిగింది, అక్కడి వెన్న కొని ఇంట్లోనే కాచుకున్నాం, ఇల్లంతా కమ్మటి వాసన. పొయ్యిలు చాలావరకు ఇండక్షన్, అల్యూమినియం కుక్కర్ వాటి మీద పనిచేయదు, తీసుకెళ్తే చిన్న స్టీల్‌ది తీసుకెళ్లండి. ఎండుమిర్చి పోపు పెట్టేముందు పొగ లాగే ఫ్యాను పూర్తిగా వేసి కిటికీ తెరవండి, చెక్క ఇళ్లల్లో పొగ అలారం వెంటనే మోగుతుంది, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఊడదీయకండి.

నోట్లు పెద్దగా అవసరం రావు, బస్సు దగ్గర్నుంచి కాఫీ దాకా కార్డే. ఫారెక్స్ కార్డులో నార్వే క్రోనర్లు వేస్తారా అని బ్యాంకును అడగండి, యూరోలు వేసుకుంటే ప్రతిసారీ మార్పిడి రుసుము పోతుంది. యంత్రం రూపాయల్లో కడతారా క్రోనర్లలో కడతారా అని అడిగితే క్రోనర్లే నొక్కండి.

ఆరో అడుగు: బట్టలు, బూట్లు

ఒంటికి తగిలే పొర నూలుది ఉండకూడదు, ఇదే ముఖ్యం. నూలు చెమటకో వానకో తడిస్తే ఆరదు, ఒళ్లు చల్లబడిపోతుంది. సన్నటి ఉన్ని బనియను, దానిపైన స్వెటరో ఫ్లీసో, పైన గాలీ వానా ఆపే జాకెట్, జూన్‌లో కూడా ఈ మూడూ ఉండాలి. అమ్మవాళ్లు చీరతోనే ఉంటామంటే లోపల ఉన్ని ప్యాంటు, కాళ్లకు ఉన్ని మేజోళ్లు, బూట్లు వేసుకుంటే సరిపోతుంది, మా అమ్మ ఓస్లో అంతా అలాగే తిరిగింది. పడవ, కొండల రోజుల్లో మాత్రం ప్యాంటు వేసుకోమని బతిమాలండి. సూర్యుడు అస్తమించని చోట్లకు వెళ్తుంటే కళ్ల గంతలు పెట్టుకోండి, పిల్లలు రాత్రి పన్నెండింటికి కూడా పగలే అనుకుని పడుకోరు. ప్లగ్గులు రెండు గుండ్రటి పిన్నులవి, మన మూడు పిన్నుల ఛార్జర్లకు అడాప్టర్ కావాలి.

చలికాలంలో వెళ్తే బూట్ల కింద తగిలించుకునే ముళ్లు అక్కడ దిగగానే కొనండి. మంచు అనగానే మనకు మెత్తటిది గుర్తొస్తుంది, ట్రోమ్సో వీధుల్లో ఉండేది అద్దంలాంటి గడ్డ, అరవై దాటినవాళ్లు పడితే ప్రయాణం ఆస్పత్రిలో ముగుస్తుంది. చలి మాత్రం భయపెట్టేంత కాదు, వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల జనవరిలో కూడా సగటున మైనస్ నాలుగు ప్రాంతంలోనే ఉంటుంది. ధ్రువకాంతులకు అసలు అడ్డం మబ్బులు. ఒక్క రాత్రి కోసం వెళ్తే అదృష్టం మీద ఆధారపడ్డట్టే, కనీసం మూడు నాలుగు రాత్రులు పెట్టుకోండి. వ్యాన్లలో తీసుకెళ్లే గైడ్లు మబ్బులేని ఆకాశం వెతుక్కుంటూ అవసరమైతే ఫిన్లాండ్ సరిహద్దు దాకా వెళ్తారు.

ఏడో అడుగు: కారు, కొండలు

పైన చెప్పిన ఓస్లో–ఫ్లోమ్–బెర్గెన్ దారికి కారు అక్కర్లేదు. లోఫోటెన్‌కు కావాలి. మన లైసెన్సుతో పాటు రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, వెయ్యి రూపాయల ఫీజు. అక్కడ కుడివైపు నడపాలి, పగలైనా హెడ్‌లైట్లు వెలగాలి, ఊళ్ల బయట మామూలుగా గరిష్ఠ వేగం 80, జరిమానాలు చాలా ఎక్కువ. తాగి నడపడం అన్న ఆలోచనే వద్దు, రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.02 శాతం, ఒక్క బీరు కూడా దాటించొచ్చు. టోల్ గేట్లుండవు, కెమెరా నంబర్ చూసి బిల్లు అద్దె కంపెనీకి పంపుతుంది. అద్దె కార్లలో చాలా ఇప్పుడు ఎలక్ట్రిక్‌వే, ఛార్జింగ్ ఎలాగో తాళాలిచ్చే చోటే ఒకసారి చేసి చూపించమనండి.

కొండెక్కడం గురించి గట్టిగా చెప్పాలి. స్టవాంగర్ దగ్గర ప్రైకెస్టూలెన్ అని ఫియోర్డుకు 604 మీటర్ల పైన బల్లపరుపు రాతి అంచు ఉంది, ఫొటోలన్నింటిలో అదే. పోనూ రానూ 8 కిలోమీటర్లు, నాలుగైదు గంటలు, దారిలో పెద్ద రాళ్లు, అంచున కంచె లేదు. నడక అలవాటున్నవాళ్లు పొడి రోజున హాయిగా వెళ్లొస్తారు. కానీ ఫ్లోమ్ నుంచి ఒక్కరోజులో వెళ్లిరాగల చోటు కాదు, దానికి స్టవాంగర్‌లో రెండు రాత్రులు వేరే పెట్టాలి. కొండల్లో ఎలా మసలుకోవాలో నార్వే వాళ్లకు తొమ్మిది సూత్రాలున్నాయి, బడి పిల్లలకు కూడా కంఠతా వస్తాయి. వాటిలో ఎనిమిదోది: సమయానికి వెనక్కి తిరుగు, తిరగడంలో సిగ్గేమీ లేదు. మేము ఒక కొండ మీద ముప్పావు దారి వెళ్లాక మబ్బు కమ్మింది. ఎదురొచ్చిన ఒక పెద్దావిడ ఆగి, పైన గాలి బాగా లేదు, మీతో పాప ఉంది కదా, దిగిపోండి అని చెప్పింది. దిగిపోయాం. అత్యవసరమైతే అంబులెన్స్ 113, పోలీసు 112, అగ్నిమాపక దళం 110, ఫోనులోనే కాదు, ఒక చీటీ మీద రాసి అమ్మానాన్నల జేబులో కూడా పెట్టండి.

చివరి అడుగు: ఒక రోజు ఖాళీగా వదలండి

ప్లానంతా అయ్యాక దాన్ని ఒకసారి ముందేసుకుని, అందులోంచి ఒక రోజును పూర్తిగా కొట్టేయండి. ఫ్లోమ్‌లోనో ఔర్‌లాండ్‌లోనో అయితే మంచిది. వాన వల్ల తప్పిపోయిన పడవకో కొండకో ఆ రోజు పనికొస్తుంది, ఏదీ తప్పిపోకపోతే ఊరికే ఉండొచ్చు. నేను తర్వాతిసారి వేసవిలో అమ్మానాన్నల్ని మళ్లీ తీసుకెళ్లినప్పుడు ఔర్‌లాండ్‌లో అలాంటి రోజొకటి మిగిలింది. పొద్దున్న ఇద్దరూ ఫ్లాస్కులో కాఫీ పోసుకుని నీళ్ల ఒడ్డున బల్ల మీద కూర్చున్నారు. మధ్యాహ్నం పప్పన్నం పట్టుకెళ్లి ఇచ్చాను. సాయంత్రం ఏడింటికి వెళ్లి, లోపలికి రండి చలిగా ఉంది అంటే, ఎదుటి కొండ మీద జలపాతాలు ఎన్నున్నాయో లెక్కపెడుతున్నాం, నాన్నకు పదకొండు వచ్చాయి, నాకు పదమూడు, నువ్వు కూడా కూర్చుని లెక్కపెట్టు అంది అమ్మ.